రోగి స్వయంగా రావలెను

ఆ సోమవారం పొద్దున ఆమోసు పెట్టుకున్న పని చాలా చిన్నది. సీసా కడుక్కుని ధర్మాసుపత్రికి వెళ్ళి, మార్తకు మాత్రలు తీసుకుని, గంజి వేళకు ఇంటికి వచ్చెయ్యాలి. ధర్మాసుపత్రిలో మందు ఉచితమే గాని సీసా ఉచితం కాదు. ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకోవాలి. మాత్రలకు సీసాతో పనేముందని అడిగేవాళ్ళు ఉంటారు గాని, వాళ్ళెప్పుడూ ఆ లైన్లో నిలబడి ఉండరు. చేతిలో సీసా లేనివాణ్ణి చూస్తే మందు పంచే మనిషికి వీడు రోగి అన్న నమ్మకమే కుదరదు. పైగా మనిషి కాలు పీకి కాసేపు నీడకు పోతే లైన్లో అతని బదులు నిలబడేది ఆ సీసాయే. అందుకని ఆమోసు బావి దగ్గర కూర్చుని సీసాలో ఇసుక పోసి గిలక్కొట్టి మరీ కడిగాడు.

ఆమోసు వయసులో ఉయ్యూరులో చెరకు బళ్ళకెత్తిన మనిషి. తరవాత ఆటోనగర్‌లో ఒక లారీల షెడ్డుకు వాచ్‌మన్‌గా కుదిరి, ముసలివాడివైపోయావు పొమ్మనేదాకా అక్కడే ఉన్నాడు. ఇప్పుడు గుణదలలో ఒక పెంకుటింటి వసారాలో మొగుడూ పెళ్ళాం ఇద్దరే ఉంటున్నారు. పిల్లల్లేరు. ఆమోసుకు జ్వరం వచ్చిన సంగతి ఎవరికీ జ్ఞాపకం లేదు. ఇంట్లోకి వచ్చిన జబ్బంతా మార్త వంతుకే పడింది.

రెండేళ్ళుగా ఆమెకు గుండె నీరసం, ఆయాసం, కాళ్ళ వాపు. ధర్మాసుపత్రిలో ఒక తెల్ల మాత్రా, ఒక నీళ్ళ మాత్రా ఇచ్చేవాళ్ళు. తెల్ల మాత్ర గుండెకు. నీళ్ళ మాత్ర ఒంట్లో చేరిన నీటిని బయటికి తోలి వాపు తీసేది. అవి మింగినన్నాళ్ళూ మార్త మనుషుల్లో పడి తిరిగింది. కాని మందు కిటికీ మీద ఒక బోర్డు ఉంది: ‘రోగి స్వయంగా రావలెను.’ నడవలేని రోగి స్వయంగా ఎలా రావలెనో ఆ బోర్డు మీద రాయలేదు. కిందటిసారి ఆడవాళ్ళ లైన్లో నిలబడలేక మార్త కూలబడిపోయింది. లైన్లో కూర్చోగూడదని ఒకరు కసిరారు. లేవలేకపోతే పక్కకు జరగమని ఇంకొకరన్నారు. ఆవేళ మందు లేకుండానే ఇల్లు చేరి, ఇక చచ్చినా ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది. మాత్రలు అయిపోయాయి. వాపు మోకాళ్ళ దాకా వచ్చింది. పడుకుంటే ఊపిరాడక గోడకు చేరగిలబడి తెల్లార్చడం మొదలైంది. ఆ మాత్రలు దొరక్కపోతే మార్త దక్కదని ఆమోసుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఉపాయం చెప్పింది పక్క వాటాలో ఉండే మణెమ్మ. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఉపాయాలు చెప్పడం ఆమెకు అలవాటు.

“ఆ జబ్బేదో నీకే ఉందని చెప్పు అన్నా. నువ్వు నిలబడగలవు గదా. అయితే ఒకటి. చిన్నగా చెప్పావనుకో, రంగునీళ్ళు పోసి పంపిస్తారు. పెద్దగా చెబితేనే మాత్రలు,” అంది.

అబద్ధమాడ్డానికి ఆమోసు రాత్రంతా వెనకాడాడు. తీరా ఆలోచిస్తే ఇందులో అబద్ధమెంత? జబ్బు నిజం, మందు నిజం, మనిషి ఒక్కడే తేడా. మొగుడూ పెళ్ళాం ఏకశరీరమని పెళ్ళినాడు పాస్టరు గారు చెప్పనే చెప్పారు. ఆ లెక్కన మార్త ఆయాసంలో సగం తనదే అనుకుని సీసా చంకన పెట్టుకుని బయల్దేరాడు.

లైను కదిలి కదిలి చివరికి డాక్టరు దగ్గరికి చేరింది. కుర్ర డాక్టరు. తల ఎత్తకుండానే, “ఏం పెద్దాయనా?” అన్నాడు.

“ఆయాసమండీ బాబుగారూ.”

డాక్టరు కలం అప్పుడే రంగునీళ్ళ మందు రాయడానికి కదిలింది. ఆమోసు అది చూశాడు. మణెమ్మ మాట గుర్తొచ్చింది.

“ఉత్త ఆయాసం కాదండీ! పడుకుంటే ఊపిరాడదు. గోడకానుకుని కూర్చునే తెల్లారుస్తన్నా. కాళ్ళు వాచిపోయినయ్యి, వేలుతో నొక్కితే గుంట పడి ఎంతకీ పూడదు. నాలుగడుగులేస్తే గుండె గొంతులోకొస్తది. రాత్రయితే గోళ్ళు నీలంగా అయిపోయినయ్యండీ. పోతన్నానేమోననుకున్నా…”

చెబుతూ చెబుతూ ఆమోసు ఏడ్చేశాడు. అది నటన కాదు. ఆ మాట మాటకీ అతని కళ్ళ ముందు మార్తే ఉంది. డాక్టరు తల ఎత్తాడు. చొక్కా మీదనే గొట్టం ఒకసారి ఆనించి, ఏడుస్తున్న ఛాతీ ఎగిరెగిరి పడడం చూసి కంగారు పడ్డాడు.

“ఇంత జబ్బు పెట్టుకుని ఎలా వచ్చావయ్యా?”

“నడిచే వచ్చానండీ, గుణదల నుంచి.”

ఆ పొద్దున ఆమోసు చెప్పిన ఒకే ఒక్క నిజం అది. అదే కొంప ముంచింది. అవి ఎమర్జెన్సీ పెట్టిన కొత్త రోజులు. ఎవరి మీద ఏ ఆకాశరామన్న ఉత్తరం పోతుందోనని సర్కారు నౌకర్లంతా వేళకు వచ్చి భయంభయంగా పని చేస్తున్నారు. రోగి వరండాలో పడి చచ్చాడన్న మాట వస్తే ముందు పోయేది కుర్ర డాక్టరు ఉద్యోగం. అతను ఒక్క కేక వేశాడు. ఎక్కడినుంచో స్ట్రెచర్ వచ్చింది.

“నాకెందుకండీ మంచం? మాత్రలిప్పించండి, ఇంటికెళ్ళిపోతా,” అని ఆమోసు లేవబోయాడు.

“కదలకు! నడిస్తే ప్రాణానికే ముప్పు,” అని నలుగురు పట్టుకుని పడుకోబెట్టారు. ఉక్కులాంటి మనిషి కావడం వల్ల నలుగురూ అవసరమయ్యారు. మందు కిటికీ దగ్గర అతను పెట్టి వచ్చిన సీసా మాత్రం లైన్లో బుద్ధిగా నిలబడి ఉంది.

మగవాళ్ళ వార్డుకు అమలమ్మ సిస్టరు పెద్ద. మంచి మనిషే గాని రోగుల మాట నమ్మే అలవాటు లేదు. నమ్మితే ఆ వార్డు నడవదు. తెల్ల మాత్రా, నీళ్ళ మాత్రా అరచేతిలో పెట్టి, ఎదురుగా నిలబడి మింగించి, “నోరు తెరువు తాతా. నాలిక ఎత్తు,” అంది.

“సిస్టరమ్మా, నాకు జబ్బు లేదమ్మా. జబ్బు నా పెళ్ళానికి.”

“గుండెజబ్బోళ్ళు మొదటిరోజు ఇలాగే మాట్లాడతారు. మెదడుకు గాలాడదు. పడుకో.”

నీళ్ళ మాత్ర తన ధర్మం తాను నిర్వర్తించింది. ఒంట్లో చెడ్డ నీరు లేకపోతే మంచి నీరు తోలుతుంది, దానికేం తెలుసు? ఆమోసు మంచానికీ దొడ్డికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. దొడ్డి వంకతో గేటు దాకా వెళితే వాచ్‌మన్ చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చాడు. తానూ వాచ్‌మన్‌నేనని ఆమోసు చెప్పుకున్నాడు. అయితే రూలు తెలిసే ఉంటుంది గదా అన్నాడు వాడు.

పక్క మంచం మీద వెంకటప్పయ్య అని ఉయ్యూరు వైపు రైతు. కడుపులో పుండుతో ఏడాదికి నాలుగుసార్లు చేరే పాతకాపు. “కంగారు పడబాక. ఇక్కడ చేరడం మన చేతిలో ఉంది, పోవడం లేదు. పెద్ద డాక్టరు సంతకం పెడితేనే పంపిస్తారు. ఆయన క్యాంపు నుంచి రావాలి,” అన్నాడు.

ఆమోసు ఆలోచించాడు. పోనీ, మంచిదే అయింది. మాత్రలే గదా కావలసింది, వేళకు చేతికే తెచ్చి పెడుతున్నారు. ఎడమ పక్క దవడ పన్ను పీకించుకున్న చోట చక్కటి సందు ఉంది. సాయంత్రం నుంచి మాత్రలు ఆ సందులో దాచి, నాలిక ఎత్తమంటే ఎత్తి, సిస్టరు పోగానే తీసి పంచె కొసకు తుడిచి మూట కట్టడం మొదలుపెట్టాడు. ఎలాగో ఇవి మార్తకు చేరిస్తే చాలు.

ఆమోసు ఆసుపత్రిలో చిక్కుకుపోయిన కబురు మార్తకు మణెమ్మ మోసుకొచ్చింది. ఆమె తెచ్చిన మొదటి కబురు, ఆసుపత్రిలో ఆమోసును పట్టుకుని కుటుంబ నియంత్రణ ఆపరేషను చేశారని. “ఈ వయసులో ఆయనతో వాళ్ళకేం పని?” అని మార్త నమ్మలేదు. రెండో కబురు నమ్మింది. గుండెజబ్బు ముదిరి స్ట్రెచర్ మీద తీసుకుపోయారట, కళ్ళారా చూసినవాళ్ళు చెప్పారట, డాక్టరు గారే భయపడ్డారట.

ఉపాయం తనదేనని మణెమ్మకు ఆ హడావుడిలో జ్ఞాపకమే రాలేదు. ఒక్కడుగు వేయలేని మార్త లేచింది. జావ కాచి గిన్నెలో పోసుకుని, రిక్షా ఎక్కి, చచ్చినా తొక్కనన్న గడప తొక్కింది. వార్డు మెట్లు ఒక్కొక్కటీ ఎక్కి ఆగి, మళ్ళీ ఎక్కి, మంచం పట్టె పట్టుకుని కాసేపు మాట్లాడలేక నిలబడిపోయింది.

“ఎన్నాళ్ళ నుంచయ్యా?” అంది చివరికి.

“నాకేం లేదే పిచ్చిదానా! నీ జబ్బు నాదని చెప్పా, అంతే. వీళ్ళు పట్టేసుకున్నారు.”

“ఊరుకో. నేను దిగులు పడతానని దాచావు. నా కాళ్ళు పిసుకుతా కూర్చున్నావే గాని నీ గుండె సంగతి ఒక్కరోజైనా చెప్పావా?”

“ఒట్టే మార్తా, నాకు జబ్బు లేదు.”

“డాక్టరు గారు చదువుకున్నోడు. ఆయన అబద్ధం చెబుతాడా?”

ఆమోసు పంచె కొస విప్పి, కొంచెం కరిగి కొంచెం మిగిలిన మాత్రలు ఆమె చేతిలో పెట్టాడు. “ఇవి నీవే. మింగు.”

మార్త వాటిని చూసి గుర్తు పట్టింది. మొగుడికీ అదే జబ్బని ఇక సాక్ష్యం అక్కర్లేదు. “నీ మందు నేను మింగి బతికి, ఆ బతుకేం చేసుకోను?” అంది.

ఆమోసుకు కోపం వచ్చింది. పెళ్ళయినప్పటి నుంచీ అరవనంత గట్టిగా అరిచాడు. వార్డంతా ఇటు తిరిగింది. మార్త అటు తిరిగి చెయ్యి నోటి దగ్గరికి తీసుకుపోయింది, చెంబెత్తి నీళ్ళు తాగింది. గుటక కదలడం ఆమోసు కళ్ళారా చూశాడు. అతని ప్రాణం కుదుటపడింది. ఆమె పోసిన జావ ఆవురావురుమని తాగాడు. కాస్త చేదుగా ఉందనిపించింది గాని పెళ్ళాం అంత కష్టపడి తెచ్చిన జావకు వంక పెట్టే మనిషి కాడు.

మార్త ఇంటికి పోలేదు. రోగి మంచం కింద చాప వేసుకుని రోగి తాలూకు మనిషి పడుకోవడం ఆ వార్డులో మామూలే. జావ మణెమ్మ కాచి పంపేది. రోజూ మంచం మీదినుంచి చాప మీదికి మాత్రలు దిగుతున్నాయి, చాప మీదినుంచి మంచం మీదికి జావ ఎక్కుతోంది. ఎదుటి మనిషి ఎప్పుడు బాగుపడతారా అని ఇద్దరూ ఎదురు చూస్తున్నారు.

తనకు జబ్బు లేదని రుజువు చేద్దామని ఆమోసు ఒకరోజు వెంకటప్పయ్య నీళ్ళ బకెట్టు ఒంటి చేత్తో ఎత్తాడు. సరిగ్గా అప్పుడే సిస్టరు వచ్చింది. బకెట్టు దించబోతే కళ్ళు తిరిగి మంచం మీద కూలబడ్డాడు. అమలమ్మ కేకలకు కుర్ర డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. నాడి పట్టుకుని చూస్తే నిజంగానే బలహీనంగా కొట్టుకుంటోంది. తను కనిపెట్టిన జబ్బు తన కళ్ళ ముందే ముదరడంతో అతనికి తన వైద్యం మీద గురి మరింత పెరిగింది. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టించి, మాత్రలు రెట్టింపు చేయించాడు.

“చూశావా?” అంది మార్త.

మాత్రలు రెట్టింపైతే మార్తకు రెట్టింపు అందుతాయని ఆమోసు లోపల సంతోషించాడు. కాని అతనికి ఒకటి అంతుబట్టడం లేదు.

“ఒక్క మాత్ర కూడా లోపలికి పోవట్లేదు వెంకటప్పయ్య గారూ. మరి ఈ దొడ్డి పరుగులేందండీ? కాళ్ళల్లో సత్తువే లేకుండా పోతంది.”

“కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా? ఆసుపత్రి గాలే అంత,” అన్నాడు వెంకటప్పయ్య.

ఆదివారం ఆరాధన కాగానే పాస్టరు జీవరత్నం గారు సంఘం వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చారు. బత్తాయిలు తెచ్చారు. మంచం చుట్టూ నిలబడి ఆమోసు గుండె కోసం దీర్ఘంగా ప్రార్థన చేశారు. అంతసేపూ మార్త ఇటుకల పక్కన మంచం కోడు పట్టుకుని, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ నిలబడింది. పోతూ పోతూ అందరూ ఆమెకు ఒకటే మాట చెప్పారు: “నువ్వు ధైర్యంగా ఉండాలమ్మా. ఆయన్ని కనిపెట్టుకోవాల్సింది నువ్వే గదా.” చచ్చిపోతున్న మనిషితో ఈ మాట అనడానికి నోరెలా వచ్చిందో గాని, పాపం, వాళ్ళకు మాత్రం ఏం తెలుసు? రోగి అంటే మంచం మీద ఉన్నవాడు. ఆమె నిలబడి ఉంది.

“రెట్టింపు పడుతోంది గదా, వాపు తగ్గలేదేందే?” అన్నాడు ఆమోసు ఆ సాయంత్రం.

“తగ్గిందిలే,” అని మార్త చీర కుచ్చెళ్ళు పాదాల మీదికి లాక్కుంది.

మర్నాడు పొద్దున క్యాంపు నుంచి వచ్చిన పెద్ద డాక్టరు వార్డు చూడ్డానికి వచ్చే వేళకు మార్త గిన్నెలో జావ కలుపుతోంది. కలుపుతూనే ఊపిరి అందక ముందుకు ఒరిగిపోయింది. గిన్నె దొర్లింది. ఆమోసు ఇటుకల మంచం మీదినుంచి దూకబోయి కాళ్ళు నిలవక ఆమె పక్కనే పడ్డాడు. “నా మార్తండీ! జబ్బు ఈవిడకండీ! నే చెప్పిందంతా ఈవిడ సంగతేనండీ!” అని పెద్ద డాక్టరు కాళ్ళు పట్టుకున్నాడు.

ఈసారి నమ్మడానికి ఎవరికీ కష్టం కాలేదు. పెద్ద డాక్టరు మార్త కాలి మీద వేలుతో నొక్కాడు. గుంట పడింది, పూడలేదు. గోళ్ళు నీలంగా ఉన్నాయి. కుర్ర డాక్టరు మొహం అంతకంటే పాలిపోయింది. సూది మందు ఇచ్చి, ఊపిరాడేందుకు బట్టలు వదులు చేయబోయిన అమలమ్మ చేతికి మార్త కొంగుముడి తగిలింది. విప్పితే అందులో కరిగి అంటుకున్న మాత్రలు, కాగితంలో పొడి.

“ఇవేంటి?” అంది సిస్టరు.

మార్త ఆయాసపడుతూనే చెప్పింది. “ఆయనవమ్మా. మందంటే మొదట్నుంచీ గిట్టదు. మీరటు పోగానే ఉమ్మేస్తాడు. నన్ను మింగమంటాడు. నేను మింగుతానా? నూరి జావలో కలిపి పోస్తన్నా. ఒక్కటి కూడా పోనియ్యలేదు.”

ఆమోసు నేల మీద పారిన జావ వంక చూస్తూ ఉండిపోయాడు. మార్త కోసమని దాచిన ప్రతి మాత్రా తన కడుపులోకే పోయింది. నోట్లోంచి తీసిన మందు ఆమె చేతి మీదుగా మళ్ళీ నోట్లోకే వచ్చింది. ఇన్నాళ్ళూ ఆమెకు ఒక్కటంటే ఒక్కటి చేరలేదు.

“అయితే ఆసుపత్రి గాలి కాదన్నమాట,” అన్నాడు వెంకటప్పయ్య నెమ్మదిగా.

ఆడవాళ్ళ వార్డులో మంచం ఖాళీ లేదు. మార్తకు కింద పరుపు వేశారు. మగవాళ్ళు లోపలికి పోగూడదు గనక ఆమోసు వరండాలో తలుపు పక్కన కూర్చున్నాడు. పెద్ద డాక్టరు అతనికి ఏ జబ్బూ లేదని సంతకం పెట్టి పంపేశాడు. సంతకం పెట్టేవేళకు ఆమోసు గోడ పట్టుకోకుండా నిలబడలేకపోతున్నాడు. తలుపు సందులోంచి ఆమె పరుపు కొస కనిపించేది. దాన్ని చూస్తూ ఎవరికీ తెలియకుండా ఏడ్చేవాడు. మార్త తలుపు దాకా రాగలిగిన రోజున ఆమెను అడిగాడు.

“ఎందుకట్టా చేశావే?”

“నువ్వెందుకు చేశావు?”



మాత్రలు సరైన నోట్లో పడ్డాక మార్త వాపు తీసింది. ఇంటికి పంపుతూ కుర్ర డాక్టరు ఆమెకు పాత మాత్రలే రాశాడు. ఆ మాత్రల వల్ల గుండె దడ పట్టుకున్న ఆమోసుకు వేరే మాత్రలు రాశాడు. వారం వారం వచ్చి తీసుకోమన్నాడు.

“ఎవరు రావాలండీ?” అన్నాడు ఆమోసు.

డాక్టరు బోర్డు వైపు చూసి, తల దించుకున్నాడు.

తరవాతి సోమవారం పొద్దున బావి దగ్గర రెండు సీసాలు కడిగారు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని రిక్షా దిగారు. ఆడవాళ్ళ లైనూ మగవాళ్ళ లైనూ పక్కపక్కనే సాగుతాయి, మధ్యలో ఒక తాడు. తాడు మీదుగా చేతులు పట్టుకుని, ఒకరు తూలితే ఒకరు నిలబెడుతూ ఇద్దరూ కిటికీ వైపు జరిగారు. వెనక నిలబడ్డ ముసలమ్మ చూసి చూసి, “మీ ఇద్దర్లో జబ్బెవరికి?” అని అడిగింది. ఆమోసు మార్తను చూపించాడు. మార్త ఆమోసును చూపించింది.

కిటికీ దగ్గరికి చేరేసరికి ఆమె మాత్రలూ లేవు, అతని మాత్రలూ లేవు. స్టాకు ఎప్పుడొస్తుందో పైవాళ్ళకే తెలియాలట. అయినా సర్కారు వైద్యంలో పక్షపాతం లేదని ఒప్పుకోవాలి. ఇద్దరి సీసాల్లోనూ రంగునీళ్ళు మెడ దాకా సమానంగా పోశారు.